పన్నెండు కణాలు

మోంజెలో మా ల్యాబు కిటికీ
పశువుల సంత వైపు తెరుచుకుంటుంది.
రక్తం గొట్టాల మీద పేర్లు రాస్తూ
ఎద్దుల బేరాలు వినడం నాకు అలవాటు.
ఇంకాస్త తగ్గు. ఇంకాస్త.

ఆ రోజుల్లో మేమూ అదే బేరమాడేవాళ్ళం
మనుషుల సీడీ ఫోర్ కణాలతో.
రెండు వందల కిందికి దిగితేనే మందు.
దిగకపోతే ఇంటికి,
పసుపు కార్డు మీద మూణ్ణెల్ల తరవాతి తేదీ.

ముతింత లెక్క రెండు వందల పదకొండు.
కాగితం చింపి ఇచ్చాను.
"ఎక్కువుంటే మంచిదేగా?"
మంచిదే అన్నాను.
"మరి మందెందుకివ్వరు?"
మంచిది గనకే, అన్నాను.
నవ్వింది,
తూకం రాయి మార్చిన మొక్కజొన్న షావుకారిని చూసి
నవ్వినట్టు.

వానలకు మగోయె ఏరు పొంగింది.
కార్డు మీది తేదీ అవతలి ఒడ్డునే నిలబడిపోయింది.
ఏప్రిల్లో ఎడ్లబండి మీద తెచ్చారు.
బండి కుదుపుల కంటే పెద్ద దగ్గు.
లెక్క ముప్ఫై ఒకటి.
ఇక ఎవరికీ అభ్యంతరం లేదు.
తొమ్మిది రోజులు మింగింది మందు.

పన్నెండు.
గుప్పిట్లో వేరుశనగ గింజలన్ని.
వాటిని ఏరి పారేసి
నూట తొంభై తొమ్మిది అని రాసుంటే?
నా దస్తూరీ బాగుంటుంది,
ఎవరూ అనుమానించేవారు కాదు.
రాయలేదు.
నిజాయితీపరుడని ఆ ఏడాది నాకో గడియారం ఇచ్చారు.

నిన్న చూల్వే వచ్చింది, ముతింత ఆఖరి చెల్లెలు.
పొద్దున పరీక్షలో రెండు గీతలు,
మధ్యాహ్నానికి చేతిలో మాత్రల సీసా.
నమ్మలేదు.
సంచిలోంచి అక్క పసుపు కార్డు తీసి బల్ల మీద పెట్టింది.
"నా లెక్క చూడరా? ఎంతకి దిగాలి నేను?"

దేనికీ దిగక్కర్లేదమ్మా.
రక్తం తీసుకున్నాం, లెక్క వెనకాల వస్తుంది,
దాని కోసం మందు ఆగదు ఇప్పుడు.
ఆర్నెల్లకి ఇంకో పరీక్ష ఉంది,
అందులో వెతికేది వైరస్‌ని.
దొరకలేదని రాస్తే సంతోషించు, మాత్ర మాత్రం మానకు,
దొరకని దొంగ ఊళ్ళో లేడని కాదు.

ఇదంతా నేను గోడ వైపు చూస్తూ చెప్పాను.
తను కార్డు మడత విప్పుతూ, మళ్ళీ వేస్తూ విన్నది.

"ఏ వేళకి వేసుకోవాలి?"
ఏ వేళైనా సరే. రోజూ అదే వేళకి.

"అయితే ఇదే వేళ," అంది.
నేను నీళ్ళు తెచ్చేలోపే
మింగేసింది.