ఊపిరి లెక్క

గుంటూరు రన్నింగ్ రూములో
తెల్లారుజామున మూడున్నరకి చపాతీలు కాల్చే సైదా
మీటరుగేజీ రోజుల్లో ఫైర్‌మన్.
పెనం మీద పొగ లేస్తే ఇప్పటికీ
తలకాయ దానంతటదే కిందికి వంగుతుంది.

"వాగు దాటగానే తువ్వాళ్లు తడిపేవాణ్ణి,
డ్రైవరుకొకటి, నాకొకటి.
బోగదా అంతా ఎగుడు. చక్రం జారేది. ఇసక వదిలేవాళ్లం.
పొగ పోడానికి దారేదీ? మాలోకే.
నేలకి మొహం ఆనించి లెక్కపెట్టేవాణ్ణి.
నూట అరవైకి వెలుతురు.
వానాకాలం లెక్క తప్పేది."

తప్పిన లెక్కల గురించి ఎక్కువ చెప్పడు.
ఒకసారి మాత్రం,
అవతలికొచ్చి చూస్తే జోజప్ప చెయ్యి రెగ్యులేటరు మీదే ఉందట,
జోజప్ప లేడట.
నీళ్లు కొడితే లేచి "ఏ స్టేషన్రా" అన్నాడట.
ఇది చెప్పి నవ్వుతాడు. నవ్వు దగ్గవుతుంది.
మిర్చి యార్డు గాలి అంటాడు, మే నెలైనా, ముసురైనా.

తీగలు లాగాక
కరెంటు ఇంజనుతో మొదటి ఎరువుల గూడ్సు మాకు పడింది,
ఏలియా గారికీ నాకూ.
సైదా పులిహోర డబ్బా కట్టి
పైన తడి తువ్వాలు చుట్టాడు.
నేను నవ్వాను. ఏలియా గారు నవ్వలేదు.

దిగువమెట్ట దాటాక నల్లమల మీదికొచ్చింది.
నెత్తిన తీగ ఎక్కడో చిటుక్కుమని నీలంగా మెరిసింది.
ఇది సైదా బోగదా కాదు.
అదెక్కడో పొదలు కమ్ముకుని గబ్బిలాల పాలైంది.
కొండ మాత్రం అదే.

లోపలికెళ్లాం.
ఏమీ కాలేదు.
కాళ్ల కింద తేనెపట్టు రొద, అంతే.
ఏలియా గారు కిటికీ నాలుగు వేళ్లంత తీశారు.
నేను లెక్కపెడుతూ
నలభై దగ్గర మర్చిపోయాను.

మూడో రోజు సైదా అడిగాడు, "ఎంతొచ్చింది?"

"లెక్క తప్పింది.
లోపల వాసన, సైదా!
కొత్త కుండలో మొదటిసారి పోసిన నీళ్లలా."

చపాతీ మాడుతోంది. తిప్పలేదు.

"ఆరేడొందల సార్లు దూరుంటా కొండలోకి,"
అన్నాడు చివరికి.
"వాసనుంటదా దానికి?"

సంచిలోంచి తువ్వాలు తీసిచ్చాను, ఎప్పుడో ఆరిపోయింది.
మొహానికి అదుముకుని
గట్టిగా, చాలాసేపు పీల్చాడు.

పులిహోర వాసన.
ఇంకేం లేదు.