చేమదుంపంత రాయి

ఏడు సెకన్లు.
ఓడ అడుగు నుంచి ఒక పిలుపు దిగి
నేలను తాకి తిరిగి రావడానికి.
రాత్రి డ్యూటీలో నాకు కాలమంటే అదే.

తెర మీద నీలం, ఊదా, అక్కడక్కడా పసుపు.
నిన్న ఒక కొండ దొరికింది,
మా రరొటోంగా శిఖరం కంటే పొడుగు,
ఎండన్నది ఎరగదు, పేరూ లేదు.
ఫైల్లో దానికో నంబరు వేసి టీ తాగాను.

ఇనప పెట్టె తోడి తెచ్చిన బురదలో
నల్లరాళ్లు.
కంపెనీ మనిషి ఒకటి అరచేతిలో ఎగరేసి
కోబాల్టు, నికెలు, టన్ను ఇంత అన్నాడు.
ఆ ఒక్కటీ అడిగి తెచ్చుకున్నాను.

తూతాయ్ తాత గోటితో గీకాడు, వాసన చూశాడు.
"చేమదుంపలా ఉందే. ఎన్నాళ్లకు ఊరింది?"
కోటేళ్లు, పైమాటే.
లోపల సొరచేప పన్ను ఉండొచ్చు, దాని చుట్టూ పేరుకుంటూ...
తాత నా మాట పూర్తికానివ్వలేదు.
తువ్వాలు భుజాన వేసుకుని పడవ తీశాడు.

పగడపు గట్టు దాటాక, ట్యూనాలకు తాడు వదిలే చోట
(నూరు బారల దాకా ఆయనకు తెలుసు,
ఆ కింది సంగతి నాకు తెలుసనుకుంటాడు)
రాయిని నీళ్లలో ముంచి వేళ్లు విప్పాడు.

"ఎంతసేపు?"
"గంట. గంటన్నర."

ఇంజను ఆపి కూర్చున్నాం.
కొబ్బరికాయ కొట్టి సగం నాకిచ్చాడు.
ఎర ఎండకు కుళ్లుతోంది, గాలం ముట్టుకోలేదు.
ఒకసారి మాత్రం, పసివాడిలా
పడవ అంచు మీంచి వంగి,
"చేరి ఉంటుందా?"

లేదు తాతా.
ఇంకా దిగుతోంది.