తొమ్మిది బై పద్దెనిమిది

మిస్సిసిపీ ఒడ్డున ఎర్ర ఇటుకల ఊరు,
కెల్లర్‌మన్ వీధి మూలమీద పాత చెప్పుల దుకాణం.
తలుపు అద్దం మీద ఇంకా సగం బూటు బొమ్మ.
దాన్ని బురెక్ అంగడి చేస్తానని
సెనాద నా కౌంటర్ దగ్గరికొచ్చింది.
చేతులకు పిండి. ఫారానికీ పిండి.

నగరపాలక కార్యాలయంలో
నిబంధనలు చదివి వినిపించడం నా ఉద్యోగం.
రాసింది నేను కాదు,
అని ఆ రోజుల్లో అడగనివాళ్ళకి కూడా చెప్పేవాణ్ణి.

మూడు కుర్చీలకి ఒక కారు చోటు.
ముప్ఫై ఆరు కుర్చీలు, పన్నెండు చోట్లు.
బౌలింగ్ ఆటకైతే వరసకి నాలుగు.
కన్యాస్త్రీల మఠానికి పదిమందికొకటి.
పదకొండో ఆమె ఎలా వస్తుందో పుస్తకం చెప్పదు.

"నా దగ్గరికి వచ్చేవాళ్ళు నడిచొస్తారు" అంది.
వేళ్ళు మడుస్తూ చెప్పింది:
ఎదురింటి చెవిటి మెహో,
పైవాటా డెల్ఫీన్,
తెల్లారి బస్సు దిగే రాత్రి డ్యూటీ నర్సులు.
నడిచొచ్చేవాళ్ళకి
నా పట్టికలో గడి లేదు.

"ఒక్కో చోటూ ఎంతుండాలి?"
తొమ్మిది అడుగుల వెడల్పు, పద్దెనిమిది పొడుగు.
కాసేపు నేలకేసి చూసింది.
కళ్ళతో కొలుస్తోందని నాకు తట్టలేదు.
"క్రొయేషియా శిబిరంలో మేం ఐదుగురం ఉన్న గది
ఇందులో సగం. పధ్నాలుగు నెలలు."
కోపంగా కాదు,
కిలో ఉల్లిపాయల ధర చెప్పినట్టు.

అప్పు చేసి పక్కిల్లు కొంది. కూలగొట్టించింది.
అందులో ఎవరూ ఉండటం లేదు, నిజమే.
పెరట్లో ఒక పియర్ చెట్టు ఉండేది,
ఆ ఏడు విరగకాసింది.
పన్నెండు తెల్లగీతల పెట్టెలు గీయించి ఫోటో పంపింది.
ముద్ర వేశాను.
ముద్ర బాగా పడింది, ఎక్కడా చెదరలేదు.

ఆ తర్వాత లెక్కపెట్టడం అలవాటైంది నాకు.
శనివారం మధ్యాహ్నం, లోపల కాలు మోపే సందు లేదు:
బయట మూడు కార్లు, ఒకటి నాది.
మంగళవారం: సున్నా.
జనవరిలో ఊడ్చిపోసిన మంచుగుట్ట, దానిమీద పిల్లలు.
జులైలో తారు కాగి
పిల్లి కూడా చుట్టు తిరిగి వెళ్ళేది.
ఇంత ఖాళీని
ఇంత శ్రద్ధగా కట్టించిన ఊరు మాది.

నేను రిటైరైన రెండేళ్ళకి
కౌన్సిల్ ఆ పేజీ కొట్టేసింది.
చర్చ తొమ్మిది నిమిషాలు. ఎవరో దగ్గారు.
సెనాదకి చెబుదామని వెళ్ళాను.
అప్పటికే నాలుగో గడిలో బల్లలు,
ఐదో గడిలో పాత నూనెడబ్బాల్లో మిరప మొక్కలు,
ఒక బల్ల కాలు తెల్లగీత దాటి ఆరో గడిలోకొచ్చింది.
నిబంధన ప్రకారం తప్పే,
నోటిదాకా వచ్చింది, మింగేశాను.

"ఏడో దాంట్లో బండి పెట్టకు" అంది,
"రేపు తారు తవ్వుతారు."
బస్సులో వచ్చానన్నాను.
నమ్మలేదు.
చేతులు దులుపుకుని బయటికొచ్చి
ఒక్కో గడీ లెక్కపెట్టుకుంటూ పోయింది.