నది ఐదో మెట్టెక్కేలోపు

సాల్తో రేవు వీధిలో నీళ్లు మూడో మెట్టు మీదున్నాయి.
సాయంత్రానికి ఉరుగ్వే నది ఇంకో మీటరు పెరుగుతుందని రేడియో.
మంచాలు మేడెక్కాయి, ఫ్రిజ్ లారీ ఎక్కింది.
మిగిలింది కొట్టంలో ఫియట్ ఆరొందలు,
పదకొండేళ్లుగా కదలని, గుడ్డుపెంకు రంగు బండి.

తాళంచెవి నా దగ్గర.
కాగితాలు మా అక్క నెలిదా దగ్గర.
నాన్న పోయిన వారం ఓసారి బయటికి తీద్దామని చూశాను,
ఉలుకూ పలుకూ లేదు.
నాకు దక్కకూడదని ఈమే ఏదో పీకేసిందనుకున్నాను,
అనుకుని ఊరుకోలేదు, అనేశాను కూడా.
అప్పటినుంచీ ఇదే లెక్క:
నువ్వు నడపలేవు, నేను అమ్మలేను.

విల్మార్ వచ్చాడు. చంకలో మాటే ఫ్లాస్కు,
భుజాన తన పడవలోంచి విప్పుకొచ్చిన బ్యాటరీ.
"ఊరికే నిలబడ్డ బండిని తొందరపెట్టకూడదు బ్లాంకా,
మెల్లిగా నిద్రలేపాలి," అంటూనే
తలుపు వైపు చూశాడు, నీళ్లెంతొచ్చాయో అని.

ముందు మూత కింద పాత బ్యాటరీ.
టెర్మినళ్ల మీద ఆకుపచ్చ బూజు.
వేణ్ణీళ్లలో వంటసోడా కలిపి పోస్తే బుసబుసా పొంగింది.
టూత్‌బ్రష్‌తో తోమాను, లోహం మెరుపు తేలేదాకా.
పడవ బ్యాటరీ బిగించి హారన్ నొక్కితే
జలుబు చేసిన బాతులా ఒక్క కూత.
విల్మార్ నవ్వాడు. నాకెందుకో ఏడుపొచ్చింది.

సీట్ల మధ్య చిన్న మీట లాగితే
ఇంజను తిరుగుతోంది, తిరుగుతోంది,
అంటుకోవడం లేదు.

ఈ బండికి గుండె వీపు వైపు. వెనక మూత ఎత్తితే
ఎయిర్ ఫిల్టర్లో ఎలుకల కాపురం:
సీటులోంచి లాగిన దూది, గింజల పొట్టు,
నాన్న చేతితొడుగులోంచి చూపుడువేలు ఒక్కటి.
అది జేబులో వేసుకున్నాను.

ట్యాంకులో పెట్రోలు వార్నీషు కంపు.
గొట్టం విప్పి బకెట్లోకి వదిలాం,
మరిగి మరిగి నల్లబడ్డ టీ రంగులో దిగింది.
ఐదు లీటర్లు కొత్తది పోసి,
కొన ఊపిరివాడి నోట్లో పోసినట్టు
కార్బురేటర్లో రెండు చెంచాలు పోశాడు.
తిరిగింది. అంటుకోలేదు.

ప్లగ్గు విప్పి ఇంజను ఇనుముకి ఆనించి పట్టుకున్నాడు.
"లాగు."
లాగాను.
"మళ్లీ."
నిప్పు లేదు. నలుసంతైనా లేదు.
పాయింట్లు గరుకు కాగితంతో రుద్దాడు,
కండెన్సరు మార్చాడు, తన డబ్బాలోంచి, ఏ చచ్చిన బండిదో.
లేదు.
"కాయిల్ పోయినట్టుంది. ఆదివారం పూట కాయిలెక్కడ?"
నది నాలుగో మెట్టు మింగి
ఐదోదాని వాసన చూస్తోంది.

అప్పుడొచ్చింది నెలిదా. మోకాళ్లదాకా బూట్లు,
వానలో మూసే పట్టుకున్న గొడుగు.
నాతో మాట్లాడలేదు. విల్మార్‌తోనూ.
డ్రైవరు తలుపు తీసి, వంగి,
డాష్‌బోర్డు కింద చెయ్యి పోనిచ్చి తడిమింది,
చీకట్లో పిల్లి మెడ వెతికినట్టు.
టక్.

"దొంగలకని పెట్టించాడు నాన్న.
ఈ స్విచ్చి కిందికుంటే కాయిల్‌కి కరెంటు పోదు.
నీకు చెప్పలేదా?"

లేదు.

"నన్నడిగితే చెప్పేదాన్ని."

విల్మార్ స్పానర్లు తుడుచుకుంటూ ఉండిపోయాడు,
తుడిచినవే తుడుచుకుంటూ.

మీట లాగాను. దగ్గింది. నల్లపొగ కక్కింది.
చోక్ సగం తోస్తే
పళ్లు కొరుకుతూ కొరుకుతూ పట్టింది.
నూటయాభై మీటర్లు నడిచింది,
ఎత్తు మొదలయ్యే మలుపులో ఆగిపోయింది.
"ట్యాంకు అడుగు తుప్పు," అన్నాడు విల్మార్,
తనే అన్నిటికీ బాధ్యుడైనట్టు.

నేను స్టీరింగు పట్టుకున్నాను.
వాళ్లిద్దరూ వెనక. అద్దంలో నెలిదా,
ఇంజను మూతకి చెంప ఆనించి, కళ్లు మూసుకుని తోస్తోంది.
బండి అంగుళం కదలదు.

"హ్యాండ్‌బ్రేకు దించావా?" అని అరిచింది.

దించలేదు.