గురువారం, మూడో గంట

నా పేరు అడక్కండి.
మా ఊళ్ళో పేరు చెబితే
ఏ గదిలో కూర్చున్నదీ చెప్పినట్టే.
బడిలో పొయ్యి వెలిగించే మనిషిని,
గంట కొట్టే మనిషిని. అది చాలు.

బోస్నియా కొండల్లో
గురువారం మూడో గంటకి
ఐదో తరగతి రెండుగా చీలుతుంది.
నాలుగో నంబరు గదిలో ఇమాం గారు,
ఏడో నంబరు గదిలో గోధుమరంగు అంగీ పాద్రీ గారు.
మధ్యలో నా నడవా.
నడవాలో బల్ల. బల్ల మీద దూన్యా.

దూన్యా అంటే మా దగ్గర ఒక పండు.
పచ్చిది కొరికితే నాలుక వగరెక్కుతుంది,
బీరువా మీద పెట్టి మరిచిపోతే
చలికాలమంతా ఇల్లు వాసనేస్తుంది.
పండుకి మతం ఉండదని
సెనాద్, ఆంజెల్కా కూతురికి ఆ పేరు పెట్టుకున్నారు.
ఏ గదికీ పంపవద్దని కాగితం రాసిచ్చారు.
డైరెక్టరు ఆ కాగితం రెండుసార్లు చదివి
పిల్లని ఎక్కడ పెట్టాలో తోచక
నాకు అప్పగించాడు,
ఎవరో మరిచిపోయిన గొడుగులాగా.

గోడలకు చెవులుంటాయంటారు.
మా గోడలకు లేవు, పలచగా మాత్రం ఉంటాయి.
చెవులు పిల్లకున్నాయి.

ఆ వారం రెండు గదుల్లోనూ ఒకటే కథ:
ముసలి తండ్రి, కొండ, కత్తి.
నేను బొగ్గు వేస్తుంటే పక్కకొచ్చి నిలబడింది.
"అటు గదిలో అబ్బాయి
నాన్నా, నీకు చెప్పింది చెయ్యి అన్నాడు.
ఇటు గదిలో అబ్బాయి
నిప్పుంది, కట్టెలున్నాయి, గొర్రెపిల్ల ఏదీ అన్నాడు.
ఇద్దరూ ఒక అబ్బాయేనా?"
ఏమో అన్నాను.
"అప్పుడు వాళ్ళమ్మ ఎక్కడుంది?"

పార కింద పెట్టాను.
అరవై రెండేళ్ళలో
ఈ మాట నాకెందుకు తోచలేదు?

మేం చదువుకునేటప్పుడు బడిలో దేవుడి ఊసే లేదు.
గోడ మీద మార్షల్ బొమ్మ ఉండేది.
దేవుణ్ణి అమ్మమ్మలు వంటింట్లో
పిండి పిసుకుతూ గుసగుసగా చెప్పేవారు.
చెప్పకపోతే తగువుండదనుకున్నాం.
తరవాత ఏమైందో
బడి ముందు గోడకున్న గుంటల్ని అడగండి,
సున్నం వేసినా వేలు పెడితే తెలుస్తాయి.
ఇప్పుడు చెప్తున్నాం, తలుపులు వేసుకుని.

నవంబరులో తల్లిదండ్రుల్ని పిలిచారు:
అందరికీ కలిపి, అందరి దేవుళ్ళ గురించీ
ఒక పాఠం పెడదామా అని.
మందుల షాపాయన లేచి
మా దేవుణ్ణి మ్యూజియంలో పెడతారా అన్నాడు.
ఇంకొకాయన, లెక్కలకే దిక్కు లేదు అన్నాడు.
శాలువా కప్పుకున్న ముసలావిడ ఒకామె
పక్కింటివాళ్ళు ఉపవాసం ఎందుకుంటారో తెలిస్తే
నా మనవడికి ఏం పోతుంది అని మొదలుపెట్టింది గానీ
వెనక ఎవరో దగ్గారు, ఆమె కూర్చుంది.
ఓటు వసంతానికి వాయిదా.
నలభై కుర్చీలు సర్దాను.
ఒకదాని కింద ఒంటి చేతితొడుగు దొరికింది.
ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

తరవాతి గురువారం
ఏడో గదిలోంచి స్తీపె, ఒంటేలుకని.
నాలుగో గదిలోంచి మెర్యెమా, నీళ్ళకని.
ఇద్దరూ ఎక్కడికీ వెళ్ళలేదు.
బల్ల మీద చెరో పక్కా కూర్చుని
"అటు వాళ్ళ కథలో ఏమైంది?" అని దూన్యాని అడిగారు.

చేతులు తిప్పుతూ చెప్పింది.
కత్తి దగ్గర గొంతు తగ్గించింది.
గొర్రెపోతు వచ్చేసరికి స్తీపె
మా దాంట్లో పొదలో కొమ్ములు చిక్కుకుంటాయి అన్నాడు.
మా దాంట్లో పొద లేదు అంది మెర్యెమా,
నష్టపోయినట్టు కాదు,
కొత్త బొమ్మ చూసినట్టు.

గడియారం చూశాను.
గంట తాడు నా చేతిలోనే ఉంది.
రెండు నిమిషాలు దాటాయి. నాలుగు.
డైరెక్టరు తలుపు తీసి, ఏమైంది అన్నాడు.

చలికి గంట బిగుసుకుపోయిందండీ, అన్నాను.