కాలు కింద పెట్టకుండా

వ్యాసర్‌పాడిలో మా తెలుగు బడికి గ్రౌండంటే
నీళ్ళ ట్యాంకుకీ ప్రహరీకీ నడుమ మిగిలిన జాగా.
వారానికి రెండు పీటీ పీరియడ్లు.
ఒకటి లెక్కల సారు చేబదులు తీసుకునేవాడు.
ఒక్కసారీ తీర్చలేదు, లెక్కల సారయ్యుండీ.

మిగిలింది ఎస్తేరు టీచరుది.
మెడలో విజిలు, జాకెట్టుకి మూడు పిన్నీసులు
ఎవరికి ఎప్పుడు కావలసొస్తాయో అని.
గురువారం ఐరన్ మాత్ర. ఆమె ఎదురుగానే మింగి
నాలిక ఎత్తి చూపించాలి.
పెంచలమ్మ దాన్ని బుగ్గలో దాచి గోడవతలికి ఉమ్మేది.
ఆ గోడ కింద మొలిచిన పిచ్చి తోటకూరకి
మా అందరికన్నా రక్తమెక్కువ అనేది టీచరు.

సున్నం పొడి కొనేదానికి బడిలో డబ్బుల్లేవు.
"మీ అమ్మ కార్పొరేషన్ కదా, ఒక సంచీ అడుగు" అనింది నన్ను.
క్లాసంతా నావైపు తిరిగింది.
మా అమ్మ కాలవల పక్కన చల్లే పొడి అది.
ఆ వాసనని రోజూ ఒళ్ళు రుద్దుకుని
ఇంట్లోనే వదిలేసి బడికి వస్తా ఉంటిని.

అమ్మ ఏమీ అడగలేదు.
పొద్దున మస్టరైనాక క్యారియర్ సంచిలో తెచ్చి
వాచ్‌మన్ చేతికిచ్చి పోయింది. గేటు దాటలేదు.

సైన్సు టీచరు "ఇంటికాడ చదువుకోండి" అని
రెండు పేజీలు ఒక్కటిగా తిప్పేసిన పాఠం ఒకటుంది.
ఆ మధ్యాన్నం మొగపిల్లల్ని ట్యాంకు చుట్టూ
ఇరవై రౌండ్లు కొట్టమని పంపి
ఎస్తేరు టీచరు దాన్ని నేలమీద పొడితో గీసింది.
ఒక సంచి, రెండు పక్కలా చాచిన చేతుల్లాంటి గొట్టాలు.
ముగ్గు చుట్టూ నిలబడినట్టు నిలబడినాం.
"ఇది మీలో ఉంది. దీనికి సిగ్గు తెలీదు, నెల తెలుసు."
ఎవరో నవ్వినారు. తర్వాత ఎవరూ నవ్వలేదు.
పదో రౌండుకే రొప్పుతా వచ్చిన రవణ
అదేంది టీచర్ అని అడిగితే
"తొమ్మిది నెలలు అద్దె కట్టకుండా ఉన్నావే, ఆ ఇల్లు"
అని వాణ్ణీ కూర్చోబెట్టింది.

గంట కొట్టినాక చెప్పుతో చెరిపి
అదే పొడితో పెద్ద ఎనిమిది వేసింది.
"ప్లస్ వన్‌కి పోతే గవర్నమెంటు సైకిలిస్తాది.
ఎనిమిది మీద తిరగాలి, కాలు కింద పెట్టకూడదు."
సైకిలు ఆమెదే. సీటు చిరిగి స్పాంజి కక్కతా ఉంది.
నేను కాలు పెట్టలేదు.
మోకాలు పెట్టినాను, మోచెయ్యి, గడ్డం.
ఎనిమిది నడుము కాడ, గీత గీతని దాటే చోట
ప్రతిసారీ ఎటుపోవాలో మరిచిపోతా ఉంటిని.
"చక్రాన్ని చూడకే అంకమ్మా, పోయే చోటు చూడు!"

ఐదేళ్ళకి, కొళత్తూరు ఆర్టీవో.
పెంచలమ్మ అన్న ఇచ్చిన పాత టీవీఎస్.
నాకు రెండో రోజు, పొత్తికడుపులో బండరాయి.
సిమెంటు మీద పసుప్పచ్చ ఎనిమిది.
గొడుగు కింద ఇన్‌స్పెక్టరు, ఫోన్లో.
ఆయన తలెత్తేలోపు రెండు ఎనిమిదులు వేసేసి వచ్చినాను.
"ఇంకోసారి పోడుమ్మా" అన్నాడు.
మూడోది ఆయన కోసం వేసినాను.

ఇప్పుడు నాది కార్పొరేషన్ బ్యాటరీ బండి.
మూడు చక్రాలు, ఆకుపచ్చ డబ్బాలు, నీలం డబ్బాలు.
ఎస్తేరు టీచరు రిటైరై ఎక్కడుందో తెలీదు.
బడి పక్కన పోయేటప్పుడు విజిలు వినబడితే
కుడికాలు దానంతటదే బ్రేకు మీద పడతాది.

నిన్న వానలో, మలుపు కాడ
చీపురు చంకలో పెట్టుకుని అమ్మ నడస్తా కనబడింది.
ఎక్కు అన్నాను.
సూపర్‌వైజరు చూస్తాడనింది.
చూడనీ అన్నాను.
ఎక్కింది. రెండు కాళ్ళూ పైకి ముడుచుకునింది
ఎక్కడ పెట్టాలో తెలీనట్టు.
బస్టాపు దాకా ఒకటే మాట:
"నిదానం, నిదానం... ఏం తొందరే,
చెత్త ఎక్కడికి పోతాది?"