పీతల పాట వినిపించే మేర

తీగ ఎక్కడ నాటాలని అడిగితే
మా దీవిలో ఎవరూ నేల చూపించరు,
చెవి చూపిస్తారు.
పీతల పాట వినిపించే మేరకే ద్రాక్ష.
వినిపించని చోట మొక్కజొన్న, ఆవులు, పుకార్లు.

పీతలు పాడతాయా అని నవ్వకండి.
అల వెనక్కి తగ్గాక
నల్లరాతి సందుల్లో టకటకమనే ఆ చప్పుడు,
పీకో దీవిలో పుట్టినవాళ్ళకి
పాటంటే మొదట అదే.

ఇక్కడ మట్టి లేదు.
కొండ ఎప్పుడో కక్కిన నిప్పు
సముద్రం దాకా నడిచొచ్చి నల్లబడి ఆగిపోయింది.
దానికి గునపంతో పగులు తీసి,
ఎదుటి దీవి నుంచి పడవలో తెచ్చిన మట్టి
పసిబిడ్డకి ఉగ్గు పెట్టినంత పోసి
తీగని దింపారు మా ముత్తాతలు.
చుట్టూ నడుమెత్తు గోడ.
మూడు తీగలకో గది, ఆరింటికో గది,
ఏరిన రాళ్ళే గోడలు, గోడలే పొలం.

నా పేరు లియొంతీన. ఆ గోడలు నిలబెడతాను.
వైన్ గురించి నాకు తెలిసింది తక్కువ,
గాలి గురించి ఎక్కువ.
సున్నం పెట్టకూడదు, సందులు పూడ్చకూడదు.
గాలి దూరిపోవాలి, ఉప్పు రాతికే అంటుకోవాలి.
కన్నాల్లేని గోడ ఒక్క తుఫానుకే బోర్లా పడుతుంది.
మా ఆయనతో ముప్పై ఏళ్ళు
నేనూ అలాగే నెట్టుకొచ్చాను.

బెల్మీరు వైనరీ అంటే ఎర్ర తలుపున్న నల్ల కొట్టం.
పదకొండు పీపాలు, అప్పు చేసి కొన్న రెండు స్టీలు ట్యాంకులు,
గోడకి వాళ్ళ నాన్న కత్తెర.
ట్యాంకులో అరింతు: నిమ్మచెక్క పళ్ళ మధ్య చిట్లినట్టు
ముందు ఉలిక్కిపడతాం, తరవాత ఇంకో గుక్క అడుగుతాం.
వెర్దేల్యుకి పీపా కావాలి, ఓపిక కావాలి,
బెల్మీరుకి రెండోది లేదు.
మూల పీపాలో ముదురు తేనె రంగుది
వాళ్ళమ్మ పోయిన ఏడు పోసింది,
దానికి వెల అడిగినవాడికి కుర్చీ వెయ్యరు.
ఇక మేం రోజూ తాగే ఎర్రటి వాసన వైన్
అమ్మకూడదన్నారు.
తాగకూడదని ఎవరూ అనలేదు.

పోయిన ఆగస్టులో, కోతకి మూడు రోజుల ముందు
గాలి లేచింది.
తెల్లారేసరికి ఆకులన్నీ బెల్లప్పాకం రంగు.
సముద్రం ఒడ్డు దాటి వచ్చి
ఐదు వరసల గోడలు మోకాళ్ళ మీద కూలేసింది.
ఏరుకుంటే నలభై మూడు పెట్టెలు.
"సంఘానికి తోలేద్దాం మామయ్యా,
తూకానికి డబ్బులైనా వస్తాయి," అంది కోడలు ఇనీస్.
ఆయన కాకిలెక్కలేవో వేలి మీద వేసి, ఊరుకుని,
అన్నీ ఒక్క పీపాలోకి తొక్కించాడు.
తెల్లదీ నల్లదీ చూడలేదు.

నాలుగో రాత్రి నన్ను పిలిచాడు,
గోడ సంగతనుకుని గునపంతో వెళ్ళాను.
"చెవి పెట్టు," అన్నాడు.
పెట్టాను. చెక్క వెచ్చగా ఉంది.
లోపల, చీకట్లో,
టక టక టక.
ఆయనేం అనలేదు. నేనూ అనలేదు.
ఇనీస్ మాత్రం తలుపు దగ్గర్నుంచి
పులుస్తోంది అంతే కదా, అంది.
అంతే.

వేసవిలో లిస్బన్ నుంచి ఒకాయన వచ్చి
గ్లాసు వాలుగా పట్టి, ముక్కు ముంచి,
ఉప్పు, పొగ, పచ్చి అంజీర అని కాగితం మీద రాసుకున్నాడు.
ఉప్పూ నిప్పూ ఒకచోట పొసగవంటారు,
వీడికి ఒకే గుక్కలో దొరికాయి.
"ఉప్పు ఎక్కణ్ణించి వచ్చింది?" అని అడిగాడు పాపం.
దాని ఉప్పు తిన్న తీగ కదా నాయనా,
ఇంకెవరి మాట మాట్లాడుతుంది?

నాకు కూలి కింద రెండు సీసాలు ఇచ్చారు.
ఒకటి ఆ రాత్రే అయిపోయింది, ఎలాగో అడక్కండి.
రెండోది మంచం కింద ఉంది.
ఐదో వరసలో ఒక మూల ఇంకా నిలవలేదు.
మూడుసార్లు పేర్చాను.
ఒక రాయి తక్కువ,
ఎటు తిప్పినా కూర్చునే రాయి.
పొద్దున్నే ఒడ్డుకెళ్ళి వెతుకుతున్నాను,
పీతలు నా కాళ్ళకి దారిచ్చి
మళ్ళీ మొదలుపెడుతున్నాయి.